పక్కింటి వైరు

పడవ మీద నుంచి జారి నడుం విరిగాక నా లోకమంతా ఈ మంచం, ఆ కిటికీ. కిటికీ పక్కనుంచి ఒక నల్ల వైరు మా మీటరు నుంచి సుందరమ్మ పిన్ని పాకలోకి వెళుతుంది. పాక పోరంబోకు స్థలంలో ఉందని ఆవిడకి మీటరు ఇవ్వలేదు. వైరు లాగమన్నది నేనే. ఆ కరెంటుతో గ్రైండరు తిప్పి, ఇడ్లీలు అమ్ముకుని బతుకుతోంది. రోజూ పొద్దున్నే మాకు నాలుగు ఇడ్లీలు పంపుతుంది. కరెంటు బిల్లు అదే.

నా భార్య కోటిరత్నం నిజాంపట్నం నుంచి చేపలు తెచ్చి రేపల్లెలో అమ్ముతుంది. మిగిలినవి మధ్యాహ్నానికి అయినకాడికి ఇచ్చేసేది. అందుకే వేసవిలో తెనాలి వెళ్లి పాత ఫ్రీజరు కొనుక్కొచ్చింది.

"ఇంక మన కష్టాలు గట్టెక్కినట్టే మావా," అంది. నేనూ నమ్మాను.

ఈ నెల నా వికలాంగుల పింఛను రాలేదు. నా మందులు, మూత్రం సంచులు దాంతోనే. కోటిరత్నం సచివాలయానికి పరిగెత్తింది. అక్కడి దీపక్ కంప్యూటరు చూసి చెప్పాడట.

"ఆరు నెలల కరెంటు సగటు నెలకి మూడొందల యూనిట్లు దాటిందండి. మీరు పేదోళ్ల లెక్కలో లేరు."

"మా ఒక్కళ్లదే కాదు బాబూ, పక్కింటికీ ఇచ్చాం."

"ఆ మాట బయట అనకండక్కా, అది ఇంకో తప్పు. వాడకం తగ్గించండి. సగటు దిగాక మళ్లీ అర్జీ పెడదాం."

అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు. సర్కారుని నోరారా తిట్టుకున్నాను.

ఇంటికొచ్చిన కోటిరత్నం ఫ్రీజరు వంక చూసింది. వైరు వంక చూసింది.

"పిన్నికి నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

నేను గోడవైపు మొహం తిప్పుకున్నాను. సిగ్గేసింది.

పిన్ని అంతా విని, "దానికేముందే, నా రోలు ఎక్కడికి పోయింది?" అంది. కోటిరత్నం వైరు విప్పుతుంటే తనే స్టూలు కదలకుండా పట్టుకుంది.

ఆ సాయంత్రమే గోడ అవతల రోలు చప్పుడు మొదలైంది. నాలుగు తిప్పులు తిప్పడం, ఆగడం. ఆవిడకి అరవై ఆరేళ్లు. చెవులు మూసుకోవాలనిపించింది.

పొద్దున కోటిరత్నం పళ్లెం తెచ్చి మంచం మీద పెట్టింది. రెండే ఇడ్లీలు ఉన్నాయి.

"పిండి తక్కువైందంట. ఏమీ అనుకోవద్దంది పిన్ని."

తిన్నాను. ఆకలిగా ఉంది మరి.