గాంగ్‌హ్వా కోటలో ఇద్దరం

తప్పు భార్గవ్‌ది. కాదు, నాది కూడా. జర్మనీలో, ఇంగోల్‌స్టాట్‌లో ఈ ఫ్లాట్‌కి మారినప్పుడు, కింద పోస్టు డబ్బా మీద తన ఇంటిపేరు ఒక్కటే అంటించాడు, చిట్టిమల్ల అని. మొగుడూ పెళ్ళాలకు ఒక్క పేరు చాలదా అనుకున్నాం. నా పాస్‌పోర్టులో ఉన్నది పుట్టింటి పేరు, వేముల. ఆ పేరు డబ్బా మీద లేదు కాబట్టి, కొత్త వీసా కార్డు కోసం ఫలానా రోజు రమ్మని ఆఫీసు నాకు పంపిన టెర్మిన్ ఉత్తరాన్ని పోస్టావిడ చక్కగా వెనక్కి పంపేసింది. రూలు తెలిసిన మనిషి, ఏమనగలం!

మళ్ళీ అడిగితే టెర్మిన్ వచ్చే ఫిబ్రవరికి దొరికింది. పాత కార్డు గడువు అయిపోయింది. కొత్తది లేకుండా దేశం దాటితే మళ్ళీ రానివ్వరు. భార్గవ్ కొరియాలో బ్యాటరీ ప్రాజెక్టు మీద ఉన్నాడు. అక్టోబరులో రెండు వారాలు అతని దగ్గరికి వెళ్దామనుకున్న ప్రయాణం అలా గంగలో కలిసింది. అతణ్ణి ముట్టుకుని ఎనిమిది నెలలైంది. ఈ మాట ఎవరితోనూ అనలేక ఇక్కడ అంటున్నాను.

ఇంచియాన్ వెళ్ళిన మొదటి వారమే, గాంగ్‌హ్వా దీవిలో సముద్రం ఒడ్డున పాత కోట ఉందని ఫొటో పంపాడు. గోడ బయట నుంచి తీసింది. "నువ్వొచ్చినంకనే లోపలికి పోత" అన్నాడు. పాలు తెమ్మంటే పెరుగు తెచ్చే మనిషి, ఈ ఒక్క మాట మీద మాత్రం నిలబడ్డాడు.

మొన్న ఆదివారం పొద్దున వీడియో కాల్ చేశాడు. అక్కడ మధ్యాహ్నం దాటింది. వెనక రాతి ద్వారం.

"నువ్వు రాకపోతివి. ఇప్పుడేం జేద్దాం?"

"లోపలికి పో. నన్ను గూడ తోల్కపో."

ఫోను పట్టుకుని అంతా తిప్పాడు. చిన్న కోట. గోడలో ఫిరంగుల కోసం వదిలిన కంతలు, అవతల బురద రంగు నీళ్ళు. ఒక ముసలి పైన్ చెట్టు మీద ఎప్పటిదో ఫిరంగి గుండు దెబ్బ ఉందని చూపించాడు. నేను చూసింది మాత్రం కెమెరాకు అడ్డమొస్తున్న అతని వేలు. గోరు కత్తిరించుకోలేదు.

నా మొహం ఉన్న ఫోనును ఛాతీ దగ్గర పట్టుకుని, ఆఫీసు ఫోను ఒక పెద్దాయన చేతికిచ్చి, ఫొటో తీయమన్నాడు. ఆయన ఛాతీ దగ్గరి ఫోను జేబులో పెట్టుకొమ్మని సైగ చేశాడు. భార్గవ్‌కి మొహమాటం ఎక్కువ. అందులో పెళ్ళాం ఉందని ఆయనకు చెప్పలేక, నన్ను చొక్కా జేబులో వేసుకున్నాడు.

తెర నల్లబడింది. గాలి, సముద్రం వినబడ్డాయి. వాటికన్నా దగ్గరగా అతని ఊపిరి, మెట్లెక్కిన ఆయాసంతో. ఫోను చెవికి ఆనించుకుని కళ్ళు మూసుకున్నాను. ఏడుపొచ్చింది.

"అయిపోయింది భానూ. ఉన్నవా? అయ్యో, జేబుల పెట్టిన గదా! ఆగు, తీస్త."

"తియ్యకు," అన్నాను. "కొద్దిసేపు గిట్లనే ఉండనియ్యి."