వంతెనకి ఇవతల

ఇంట్లో తిరిగింది నడక కిందకి రాదని ఆయన నాలుగోసారి అనేసరికి, ఆమె గరిటె చేత్తో పట్టుకునే హాల్లోకి వచ్చేసింది.

"ఎందుకు రాదు? తిరిగింది నా కాళ్లేగా?"

"కాళ్లు నీవే, కాదన్నానా? నడకంటే ఒక చోట బయల్దేరి ఇంకో చోటికి చేరాలి. నువ్వు స్టవ్వు దగ్గర బయల్దేరి సింకు దాకా వెళ్లి మళ్లీ స్టవ్వు దగ్గరికే వస్తావు. మా ఆఫీసులో దాన్ని దూరం అనరు," అన్నాడాయన. పాతికేళ్లుగా సర్వేయరు. భూమ్మీద ఏ రెండు రాళ్ల మధ్య ఎంత దూరమో తేల్చడమే ఆయన ఉద్యోగం.

"మరి మీరు పార్కులో తిరిగే ఏడు చుట్లూ? గేటు దగ్గర మొదలెట్టి గేటు దగ్గరికేగా వచ్చేది?"

సోఫాలోంచి అత్తగారు ఫక్కున నవ్వింది. డెబ్బై నాలుగేళ్ల మనిషి. కొడుకు ఓడిపోయే వాదనలంటే ఆవిడకి టీవీ కంటే ఇష్టం. "దీనికేం చెబుతావురా?"

"నువ్వుండమ్మా."

"తొందరగా తేల్చండి, నా చెయ్యి పీకుతోంది," అంది కూతురు. గోడకి అంటించిన దేశపటం ముందు ఎర్ర గుండుసూది పట్టుకుని కుర్చీ ఎక్కి నిలబడి ఉంది. "వంటిల్లు కలిపితే అమ్మ ఉప్పుమళ్ల ఊరు దాటేసినట్టు. కలపకపోతే ఇంకా రేవులోనే ఉన్నట్టు."

ఇదంతా మొదలై వారమే అయింది. ఆమె పనిచేసే కళ్లద్దాల షాపులో కంటి పరీక్షలు చేసే మేడమ్ ఒకావిడ ఉంది. ఈమె ఈడుదే. ఆవిడే ఓ మధ్యాహ్నం ఈమె చేతికి నల్లటి బ్యాండు ఒకటి కట్టి, ఫోనులో ఏదో నొక్కి, "ఇప్పుడు నువ్వు దక్షిణపు కొసన సముద్రం ఒడ్డున ఉన్నావు. ఉత్తరాన మంచుకొండల దాకా మూడువేల రెండొందల కిలోమీటర్లు. ఇక్కడ వేసిన ప్రతి అడుగూ అక్కడ పడుతుంది. పద," అంది. అడుగులు బ్యాండు లెక్కపెడుతుంది. ఫోనులో దేశపటం మీద ఎర్ర చుక్క జరుగుతుంది. ఏ ఊరు దగ్గరికొస్తే ఆ ఊరి ఫోటోలు, అక్కడి మనుషులు ఏం చేసి బతుకుతారో నాలుగు ముక్కలూ కనిపిస్తాయి. అంతే. చెబితే నవ్వులాటగా ఉంటుంది గానీ, ఆ సాయంత్రం ఇంటికి నడుస్తూ ఆమె మూడుసార్లు ఫోను తీసి చూసుకుంది. రేవులోంచి పదహారొందల మీటర్లు లోపలికి వచ్చింది. ఉప్పుగాలి మొహానికి తగిలినట్టే అనిపించి, నడిరోడ్డు మీద తనలో తనే నవ్వుకుంది.

వాదన తేలక, ఆయన ఆ ఆదివారం ఇంట్లో సర్వే పెట్టాడు. పొద్దున్నే టేపు తెచ్చి స్టవ్వు నుంచి భోజనాల బల్ల దాకా, బల్ల నుంచి పెరటి తలుపు దాకా, అక్కడి నుంచి మేడ మీద బట్టలారేసే తీగ దాకా కొలిచాడు. తరవాత హాల్లో కుర్చీ వేసుకుని ఆమె రాకపోకలు గీతలు గీసి రాసుకోవడానికి కూర్చున్నాడు. రాసుకోవడానికి పెన్ను ఆమే తెచ్చిచ్చింది. పద్దెనిమిది అడుగులు. కళ్లజోడూ ఆమే తెచ్చిచ్చింది. ముప్ఫై నాలుగు. రెండు కాఫీలు, మంచినీళ్లు, ఫ్యాను కాస్త తగ్గించడం, ఫ్యాను కాస్త పెంచడం. సాయంత్రానికి ఆయన కాగితం మీద ఆరు కిలోమీటర్ల మూడొందల మీటర్లు తేలింది. బ్యాండు ఆరున్నర చూపించింది.

"రెండొందల మీటర్లు తేడా ఉంది," అన్నాడాయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తూ.

"నువ్వు బాత్రూములో ఉన్నప్పుడు తిరిగినవి," అంది అత్తగారు.

ఆరోజు నుంచి వంటిల్లు నడకలో కలిసింది. గుండుసూది ఉప్పుమళ్లు దాటింది.

ఆ తరవాతి నాలుగు నెలలూ ఆమెకి ఎలా గడిచాయంటే, అడిగితే సిగ్గుపడి చెప్పదు గానీ, ఇరవై మూడేళ్ల కాపురంలో అంత హుషారుగా ఎప్పుడూ లేదు. షాపు వెనక గదిలో లెన్సులు సానబట్టి ఫ్రేముల్లో బిగించడం ఆమె పని. పందొమ్మిదేళ్లుగా అదే స్టూలు, అదే సానరాయి, అదే తెల్లటి దుమ్ము. ఊళ్లో సగం మంది ఆమె సానబట్టిన అద్దాల్లోంచే లోకాన్ని చూస్తున్నారు. ఆమె చూసిన లోకం మాత్రం ఆ స్టూలుకీ ఇంటికీ మధ్యనున్న కిలోమీటరున్నర. కాస్త పెద్ద కస్టమరు వస్తే షాపు ఓనరు వెనక్కి తిరిగి, "అమ్మా, నీ చేతి టీ బాగుంటుంది, నాలుగు కలుపు," అంటాడు. ఆయన పక్కనే ఖాళీగా కూర్చుని ఫోను చూసుకునే మగ సేల్సుమేన్లు ఇద్దరి చేతి టీ ఎలా ఉంటుందో ఆయనకి ఎప్పుడూ తెలుసుకోవాలనిపించలేదు. కొత్తలో మొగుడి క్యాంపులకి తనూ వస్తానని రెండు మూడుసార్లు అడిగింది. "అక్కడేముంది, రాళ్లూ రప్పలూ," అనేవాడాయన. "ఇద్దరూ పోతే నన్ను ఏ అలమారులో పెట్టి తాళం వేస్తారు?" అనేది అత్తగారు. ఆ మాటకి అప్పట్లో అందరితోపాటు తనూ నవ్వింది. నవ్వి అడగడం మానేసింది. ఇప్పుడు సానరాయి ముందు కూర్చుని ఇవాళ తను ఇటుకబట్టీల ఊరి పొలిమేరలో ఉన్నానని గుర్తొస్తే చాలు, చేతిలో పని దానంతటదే సాగిపోయేది. ఇటుకబట్టీల తరవాత గొర్రెల సంత జరిగే ఊరు, తరవాత రెండు రైలు పట్టాలు కలిసే చోట మూడొందల ఇళ్ల చిన్న ఊరు. ఆ ఊళ్లో అందరూ తాళాలు చేస్తారట. అక్కడ ఆమెకి రెండు రోజులు పట్టింది. ఎన్ని తాళాలో అనుకుంటూ నడిచింది.

ఇల్లు కూడా కదిలింది. పొద్దున్నే అత్తగారు కళ్లు తెరుస్తూనే "అమ్మాయ్, ఇవాళ ఏ ఊళ్లో ఉన్నాం?" అని అడిగేది. ఉన్నావ్ అనేది కాదు, ఉన్నాం అనేది. మోకాళ్లు పట్టేసి గుమ్మం దాటని ఆవిడ, తాళాల ఊరి గురించి కిటికీలోంచి పక్కింటావిడకి పావుగంట చెప్పింది. ఆయన ఆమెకి 'యాత్రికురాలు' అని పేరు పెట్టి, ఆఫీసు నుంచి వస్తూనే "యాత్రికురాలు ఎంతదాకా వచ్చింది?" అని దేశపటం ముందు నిలబడేవాడు.

అందులోనే ఒక చిక్కు కూడా మొదలైంది. అది చిక్కని ఆమెకి వెంటనే తెలియలేదు.

"ఆ పేపరు కాస్త ఇలా తెచ్చిపెట్టు, నీకూ ఊరు దగ్గరపడుతుంది," అన్నాడాయన ఓరోజు. అందరూ నవ్వారు, ఆమె కూడా. మర్నాడు కూతురు మంచం మీంచే "అమ్మా, ఛార్జరు. ఇరవై అడుగులు నీకే," అంది. అత్తగారు మందుల డబ్బా అడుగుతూ "నా కోసం కాదులే, నీ మంచుకొండల కోసం," అంది. ఇదివరకు ఏదైనా అడిగితే గొంతులో ఎక్కడో కాస్త మొహమాటం ఉండేది. ఇప్పుడు అదీ పోయింది. మంచినీళ్లు తెమ్మనడం ఆమెకి చేసే సాయం అయిపోయింది. ఆయనైతే గ్లాసు అందుకుంటూ "థాంక్స్ చెప్పక్కర్లేదు," అనేవాడు, ఆమే తనకి చెప్పాల్సినట్టు.

ఇంతలో నది వచ్చింది.

దేశానికి నడుమున పారే పెద్ద నది. దాని మీద మూడు కిలోమీటర్ల వంతెన. పదకొండువందల నలభయ్యో కిలోమీటరు దగ్గర మొదలవుతుంది. ఆమె ఆ వంతెన ఫోటోలు నెల ముందు నుంచీ చూస్తోంది. కింద నీళ్లు ఒక చోట ఆకుపచ్చగా, ఒక చోట మట్టిరంగులో. మధ్యలో ఇసుక తిన్నెలు, వాటి మీద తెల్లటి పక్షులు. పరీక్షల మేడమ్‌తో కలిసి పథకం వేసింది. వీళ్ల ఊరి చివర కాలువ మీద పాత వంతెన ఒకటుంది. ఆదివారం తెల్లవారుతూనే ఇద్దరూ అక్కడికి వెళ్లి, ఆ వంతెన మీద అటూ ఇటూ నడుస్తూ నదిని దాటాలి. నడుమ ఆగి నీళ్లలోకి చూడాలి. మేడమ్ ఫ్లాస్కు తెస్తానంది. శుక్రవారం సాయంత్రానికి వంతెన ఇంకా ఆరు కిలోమీటర్లుంది. శనివారం షాపుకి సెలవు పెట్టింది. ఇంట్లో మామూలుగా తిరిగితే చాలు, సాయంత్రానికి సరిగ్గా ఒడ్డుకి చేరుతుంది. చేరి ఆగిపోవాలి.

శనివారం పదకొండింటికి ఆడపడుచు దిగింది. భర్త, అత్తమామలు, ఇద్దరు పిల్లలు. ఆరుగురు. "ఊరికే చూసిపోదామని వచ్చాం వదినా, నువ్వేం హడావుడి పడకు. రేపు మధ్యాహ్నం వెళ్లిపోతాం," అంది చెప్పులు విడుస్తూ.

ఆ తరవాత ఆమె ఏం చేసిందో విడిగా చెప్పడానికేం లేదు. ఏ ఇంట్లోనైనా జరిగేదే. పదిమందికి వంట, పదిమందికి వడ్డన. ఆడపడుచు మామగారికి వేడినీళ్లు, పిల్లలకి చల్లటినీళ్లు. మేడ మీంచి పరుపులు. ఒకరికి చక్కెర లేని టీ, ఒకరికి పాలు లేని టీ, ఒకరికి "మామూలుదే, కాకపోతే కాస్త స్ట్రాంగుగా". బ్యాండు సంగతి ఆమెకి గుర్తే లేదు.

ఆరున్నరకి మూడో విడత టీలు ట్రేలో పెట్టుకుని హాల్లోకి వస్తుంటే, ఫోను చూస్తున్న కూతురు కుర్చీలోంచి లేచింది.

"అమ్మా, నువ్వు నది దాటేశావ్. దాటి ఐదు కిలోమీటర్లు కూడా పోయావ్. ఇవాళ పద్నాలుగు."

హాలంతా చప్పట్లు. నది ఏమిటో తెలియని పిల్లలు కూడా కొట్టారు. "చూశావా, మా రాక ఎంత కలిసొచ్చిందో నీకు," అంది ఆడపడుచు. "వారానికోసారి పిలవాలి వీళ్లని," అన్నాడాయన తన టీ ట్రేలోంచి తీసుకుంటూ. కూతురు అప్పటికే కుర్చీ ఎక్కి గుండుసూది అవతలి ఒడ్డుకి మార్చేసింది.

ఆమెకి ముందు నవ్వొచ్చింది. నిజంగానే. ట్రే బల్ల మీద పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వింది. మూడు కిలోమీటర్ల వంతెన. ఏ గ్లాసు దగ్గర ఎక్కింది దాన్ని? పరుపులు దింపేటప్పుడా? ఇసుక తిన్నెలు వచ్చినప్పుడు బహుశా చక్కెర లేని టీ ఎవరిదో కనుక్కుంటోంది. పక్షులు లేచే వేళకి చేతులు తుడుచుకోవడానికి తువ్వాలు వెతుకుతోంది. ఇంత పెద్ద నదిని ఒక్కసారైనా కిందకి చూడకుండా దాటేసిన మనిషి ప్రపంచంలో తనొక్కతే అయ్యుంటుంది. ఆ నవ్వు మధ్యలోనే ఆమెకి ఇంకోటి తట్టింది. ఉప్పుమళ్లూ అంతే. గొర్రెల సంతా అంతే. అన్నీ గిన్నెల మధ్యలోంచే దాటింది. పదకొండువందల కిలోమీటర్లలో ఏడువందల పైచిలుకు వీళ్లకి నీళ్లు తెచ్చిస్తూ నడిచింది. ఆ అడుగుల కోసం తనే ఇంతా పోట్లాడింది. గెలిచింది కూడా. అవి నడకే, అందులో సందేహం లేదు. కానీ ప్రయాణం కాదు. ప్రయాణం అంటే ఏమిటో ఆమెకి ఆ క్షణంలో చాలా తేలిగ్గా అర్థమైంది: ఎవరూ పిలవకుండా వేసే అడుగు.

అందుకు ఏడుపు రాలేదు. పైగా ఒంట్లోకి ఏదో తేలిక వచ్చింది, జడలోంచి బరువైన పిన్నులన్నీ తీసేసినప్పటిలా.

ఆమె కుర్చీ ఎక్కింది. గుండుసూది పీకి, నదికి ఇవతల, వంతెన ఇంకా మొదలుకాని చోట గుచ్చింది.

"అదేమిటమ్మా, వెనక్కొచ్చావ్?"

"ఇవాళ్టివి ఫోనులోంచి తీసెయ్. రేపు పొద్దున్న దాటతాను," అందామె కుర్చీ దిగుతూ. గొంతు పెంచలేదు. అయినా హాల్లో అందరూ టీ తాగడం ఆపి ఆమె వైపే చూశారు. "ఇంకోమాట. రేపటి నుంచి బ్యాండు పొద్దుటి నడకకే, అదీ గుమ్మం దాటాకే కట్టుకుంటాను. ఇంట్లో అడుగులు ఇక నా ప్రయాణంలో కలవవు. కాబట్టి ఏదైనా కావలసివస్తే నా కోసమని అడక్కండి. రోజూ పొద్దున్న ఐదున్నర నుంచి ఏడింటిదాకా ఇంట్లో ఉండను."

"రోజూనా?" అన్నాడాయన.

"రోజూ. షాపులో కూడా సోమవారం చెప్పేస్తాను, వెనకగదిలో అద్దాలు తప్ప ఇంకేం చెయ్యనని."

"అది సరే, రేపు పొద్దున్న ఇంతమంది ఉన్నారు కదా," అని ఆయన చెల్లెలి వైపు, బావగారి వైపు, పిల్లల వైపు చూశాడు. "కాఫీలూ అవీ..."

"పదిమందిమి ఉన్నాం. ఒక్కదాన్ని లేకపోతే తొమ్మిదిమంది."

అత్తగారు సోఫాలో కాళ్లు సర్దుకుంది. "నేను కూర్చుని చెబుతాన్రా, నువ్వు చెయ్యి," అంది కొడుకుతో. తరవాత కోడలి వైపు తిరిగి, "వంతెన మీద కాసేపు ఆగు. నీళ్లెలా ఉన్నాయో వచ్చి నాకు చెప్పాలి," అంది.

"ఆగుతానత్తయ్యా."

కూతురు ఫోనులో వేళ్లతో ఏవో లెక్కలు వేస్తోంది. "అమ్మా, ఉత్త పొద్దుటి నడకే అయితే రోజుకి ఆరు కిలోమీటర్లు. ఇదివరకులా ఇల్లు కూడా కలుపుకుంటే ఏడు నెలల్లో మంచుకొండలకి చేరిపోయేదానివి. ఇలా అయితే దాదాపు ఏడాది పడుతుంది."

"పట్టనీ," అంది ఆమె, ట్రే అక్కడే వదిలేసి, రేపటికి బూట్లు వెతుక్కోవడానికి లోపలికి వెళుతూ. "నాకు ఆ ఏడాదంతా కావాలి."