ఇద్దరూ ఇచ్చిన మందు

నాగమ్మాళ్‌కి ఆ జలుబు మినప చేలో పట్టింది. ఐప్పసి నెల వానలు అప్పుడే మొదలయ్యాయి. తుంపర పడగానే కూలివాళ్లు పంపుసెట్టు గదిలోకి పరుగెత్తారు గానీ, ఆమె మాత్రం మిగిలిన సాళ్లు చూసుకుంటూ చేలోనే నిలబడిపోయింది. సాయంత్రం తడిచీరతో ఇల్లు చేరేసరికి తుమ్ములు పట్టుకున్నాయి. తెల్లారేసరికి ఒళ్లు కాలిపోతోంది.

కోవిల్‌పట్టి నుంచి కళుగుమలై వెళ్లే దారిలో, నల్లరేగడి మధ్య వాళ్ల ఊరు. తమిళనాడే అయినా ఇంట్లో మాట్లాడుకునేది తెలుగే. కొడుకులిద్దరూ ఇల్లు పంచుకున్నాక నడిమి హాల్లో గోడ లేచింది. ఒక సగం పెద్దకొడుకు పాండియరాజన్‌ది. అతను విరుదునగర్‌లో మిరపకాయల గోడౌన్ చూసుకుంటూ ఆదివారాలు ఇంటికొచ్చేవాడు. భార్య జోతి, కూతురు కార్తిక ఊళ్లోనే ఉండేవాళ్లు. రెండో సగం చిన్నకొడుకు ఉదయకుమార్‌ది. అతను వ్యాను తోలేవాడు. అతని భార్య సంగవి పొద్దున్నే కోవిల్‌పట్టి బస్సెక్కి, అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని చేసి, చీకటి పడే వేళకి తిరిగొచ్చేది. నాగమ్మాళ్ ఏ సగంలోనూ పడుకునేది కాదు. రెండు తలుపులకీ మధ్య, ముందరి వరండాలో మంచం వేసుకుంది.

తోడికోడళ్లిద్దరికీ మూడేళ్లుగా మాటలు లేవు. కార్తిక చెవులు కుట్టే పండగలో సంగవి పుట్టింటివాళ్లు తెచ్చిన సారె పళ్లేన్ని ఎవరో వెనక వరసలో పెట్టారు. అక్కడ పుట్టిన మాట పెరిగి పెరిగి, చివరికి మాటలే ఆగిపోయేదాకా వచ్చింది. ఒకరికొకరు ఎదురుగానే ఉన్నా, "అత్తా, ఆ తట్టు వాళ్లని మోటారు ఆపమనండి" అనేవాళ్లు. నాగమ్మాళ్ ఆ మాట అందించేది. కారంగా వచ్చినదాన్ని మెత్తగా చేసి అందించేది. ఎవరు ఏం వండినా రెండిళ్ల కూడూ తినేది. ఒకరి గిన్నె ఖాళీ అయి మరొకరిది మిగిలిపోతే ఆ మిగిలిన ఇంట్లో పొయ్యి మీద గిన్నెలు గట్టిగా మోగుతాయని ఆమెకి తెలుసు.

జ్వరం వచ్చిన రోజే జోతి కోవిల్‌పట్టి వెళ్లింది. బస్టాండు దగ్గర మందుల షాపులో జలుబు, జ్వరం అని చెబితే, డబ్బాల్లోంచి నాలుగైదు రకాల మాత్రలు తీసి చిన్న చిన్న కాగితం కవర్లలో పోసి ఇచ్చాడు. వాటి మీద పేరు లేదు. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి అని పెన్నుతో గీసిన గీతలు తప్ప ఏమీ లేవు. ఆ ప్రాంతంలో అందరూ అలాగే కొంటారు. సెట్టు మాత్రలంటారు.

అదే సాయంత్రం సంగవి, ఫ్యాక్టరీలో పక్కన కూర్చునే సెల్లత్తాయి చెప్పిన జలుబు మాత్రల అట్ట ఒకటి కొనుక్కొచ్చింది. ముక్కు కారడానికీ, తలనొప్పికీ, ఒళ్లునొప్పులకీ అన్నిటికీ పనిచేస్తుందని సెల్లత్తాయి చెప్పింది. వేణ్నీళ్లు కాచి తెచ్చి మంచం పక్కన కూర్చుంది.

"అత్తా, ఆ తట్టు నుంచి మాత్ర ఏమన్నా ఇచ్చినారా?"

నాగమ్మాళ్ కోడలి మొహం వంక చూసింది. పొద్దుటి నుంచీ నిలబడి పనిచేసి వచ్చిన మొహం.

"ఏమీ లేదుమ్మా. కంజి మట్టుక్కు ఇచ్చింది. నువ్వియ్యి."

సంగవికి ఆ మాట లోలోపల సంతోషమే కలిగించింది. ఇంట్లోనే ఉండి ఒక మాత్రయినా కొనివ్వలేదు చూడు అనుకుంది. మాత్ర ఇచ్చి, నుదుటికి మందు రాసి, దుప్పటి కప్పింది.

జ్వరం దిగేది, మళ్లీ ఎక్కేది. మర్నాటి నుంచి నాగమ్మాళ్‌కి కంజి కూడా సయించలేదు. అసలే గుప్పెడు మనిషి. రసం రెండు గుటకలు తాగి గిన్నె పక్కకి నెట్టేసేది. పగలు జోతి కవర్లు విప్పి మింగించేది. పొద్దునా సాయంత్రమూ సంగవి అట్ట చింపి ఇచ్చేది. తగ్గడం లేదని సంగవి రెండేసి ఇవ్వడం మొదలుపెట్టింది. వాంతి అయితే మందు బయటికి పోయిందని మళ్లీ ఇచ్చింది. సెట్టు అయిపోతే జోతి వెళ్లి ఇంకో సెట్టు తెచ్చింది.

"వాంతి వస్తాండాది, మాత్ర చాలుమ్మా," అని నాగమ్మాళ్ ఒకసారి అంది.

"ఒళ్లు కాలే ఈ కాచ్చలు పోయేదాకా ఎయ్యాల అత్తా. ఆపేస్తే మళ్లీ తిరగబడతాది," అంది సంగవి. నాగమ్మాళ్ మాత్రకి నోరు తెరిచింది.

ఆ వారం చివరికి జ్వరం పోయింది. ఒళ్లు చల్లబడింది. తగ్గిపోయిందని కోడళ్లిద్దరూ ఎవరికి వాళ్లు ఊపిరి పీల్చుకున్నారు. కానీ ఆమె లేవలేదు. డొక్క కింద నొప్పి అంటూ ముడుచుకు పడుకుంది. ఆదివారం పొద్దున ఊరికొచ్చిన పాండియరాజన్ తల్లిని వెలుతురులోకి తిప్పి చూసి అదిరిపడ్డాడు. కళ్లు పసుపు పచ్చగా ఉన్నాయి. ఎవరని అడిగితే అతన్ని, చనిపోయిన తన తమ్ముడి పేరుతో పిలిచింది.

కోవిల్‌పట్టి ఆస్పత్రిలో రక్తం తీసి చూసి, ఆలస్యం చెయ్యకుండా విరుదునగర్ పెద్దాస్పత్రికి అంబులెన్సులో పంపించారు. తోడికోడళ్లిద్దరూ ఆమెకి చెరోపక్కా కూర్చున్నారు. దారి పొడుగునా ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

వార్డులో డాక్టరమ్మ వయసులో చిన్నది. రిపోర్టు చూసి తమిళంలో అడిగింది.

"ఏం మందులు వేశారు?"

"ఒట్టి జ్వరం మాత్రలే," అంది జోతి, కొంగు ముడిలోంచి మిగిలిన కవరు తీస్తూ.

"నేను జ్వరం మాత్ర ఇవ్వలేదు. జలుబు మాత్రలే," అంది సంగవి.

ఇద్దరి మాటలూ ఒకేసారి వచ్చాయి. ఇద్దరూ ఆగిపోయారు. డాక్టరమ్మ రెండూ చేతిలోకి తీసుకుంది. కవర్లోంచి పెద్ద తెల్లమాత్రని వేరు చేసి చూసింది. అట్టని వెనక్కి తిప్పి, సన్నటి అక్షరాల మీద వేలు పెట్టింది.

"ఇందులో ఉన్నది పారాసిటమాల్. ఈ కవర్లో పెద్ద మాత్ర కూడా అదే అయ్యుంటుంది. జ్వరం మాత్రా, జలుబు మాత్రా వేరనుకున్నారు. జలుబు మాత్రలో ముక్కు కారడానికి మందుతో పాటు ఇది కూడా కలిపే ఉంటుంది. రోజుకి ఎన్ని పడ్డాయి?"

ఎవరికి వాళ్లు చెప్పారు. ఆమె మనసులో కూడుకుని, రిపోర్టు మూల మీద అంకె వేసింది.

"సరిగ్గా వేసుకుంటే మంచి మందే. ఒక్కటే వేసుకోవాలి, అట్ట మీద రాసినంతే వేసుకోవాలి. ఇంత సన్నటి మనిషికి, తిండి లేకుండా, రోజూ ఇంత పడితే లివర్ తట్టుకోలేదు. వాంతులు మొదలైనప్పుడే తీసుకొచ్చి ఉంటే..." అని ఆపేసింది. "విరుగుడు మందు ఎక్కిస్తున్నాం. చూద్దాం."

ఆమె వెళ్లిపోయాక జోతి సంగవి వైపు తిరిగింది. మూడేళ్ల తర్వాత సంగవితో ఆమె అన్న మొదటి మాట అదే.

"నువ్వు కూడ ఇస్తివా?"

"ఇస్తిని అక్కా," అంది సంగవి. "మీరిస్తా ఉండేది నాకు తెలీదే."

విరుగుడు మందు చుక్కచుక్కగా ఎక్కుతూనే ఉంది. నాగమ్మాళ్ మధ్యలో ఒకసారి కళ్లు తెరిచి చేలో నీళ్లు నిలిచాయా అని అడిగింది. లేదని సంగవి చెప్పింది. కోడళ్లిద్దరూ ఒకే పక్కన నిలబడి ఉండటం ఆమెకి తెలిసిందో లేదో ఎవరికీ తెలియదు. ఆ తర్వాత ఆమెకి మళ్లీ తెలివి రాలేదు. మంగళవారం మధ్యాహ్నం చనిపోయింది.

అన్నదమ్ముల గొడవ ఆస్పత్రి మెట్ల మీదే మొదలైంది. నీ పెళ్లాం రెండేసి మింగించింది అని అన్న అంటే, పేరు లేని మాత్రలు తెచ్చింది ఎవరు అని తమ్ముడు అన్నాడు. శవం ఇంటికొచ్చినా ఆగలేదు, కర్మ రోజు బంధువులందరి ముందూ ఆగలేదు. పాండియరాజన్ పందిట్లో నిలబడి సంగవి వైపు చెయ్యి చూపించాడు.

"ఒక మాట, ఒక్క మాట అడిగుంటే మా అమ్మ బతికుండేది. 'ఎవరన్నా మాత్ర ఇచ్చినారా' అని అడిగేదానికి ఈమెకి నోరు రాలే. సండా కొట్లాటా కావాలంటే మట్టుక్కు నోరు వస్తాది."

ఆడవాళ్లందరూ సంగవిని చూశారు. ఆమె తల దించుకుంది. అడిగాను అని గట్టిగా అరవాలనిపించింది. అరిస్తే అత్త అబద్ధం చెప్పిందని చెప్పినట్టవుతుంది. పదహారు రోజుల కిందటిదాకా తన చేత్తో నీళ్లు తాగిన మనిషిని, బూడిదై నదిలో కలిసిపోయిన మనిషిని, ఈ జనం ముందు నిలబెట్టి అబద్ధాలకోరు అనడానికి ఆమెకి మనసొప్పలేదు. ఉదయకుమార్ కూడా ఆమె ఏదో ఒకటి చెబుతుందని చూసి, చెప్పకపోయేసరికి మొహం తిప్పుకున్నాడు. అది ఆమెకి బావగారి మాటకంటే ఎక్కువ తగిలింది.

బంధువులు వెళ్లాక సంగవి పెరట్లో అండాలు తోముతూ కూర్చుంది. జోతి వచ్చి ఎదురుగా చతికిలబడి, కొబ్బరిపీచు అందుకుంది. చాలాసేపు ఇద్దరూ తోముతూనే ఉన్నారు.

"నేను కూడ అడిగితిని," అంది జోతి, తల ఎత్తకుండా. "మొదటి రోజే. నీకు చిన్నామె మాత్ర ఇచ్చిందా అత్తా, అని. ఏమీ ఇయ్యలేదుమ్మా, పనికి పోయిండాది, నువ్వే ఇయ్యి అనింది."

సంగవి చేతిలో గిన్నె జారి నేల మీద పడింది.

"నాకూ అదేదా చెప్పింది అక్కా."

జోతి చేతులు ఆగిపోయాయి. అత్త ఎందుకలా చెప్పిందో ఇద్దరికీ తెలుసు. ఒకరిస్తున్నారని తెలిస్తే రెండోవాళ్లు కవరు గిరవాటేసి, రెండు రోజులు మొహం ముడుచుకుని తిరిగేవాళ్లు. అది పడలేక ఆమె రెండూ మింగింది. ఇద్దరి కూడూ తిన్నట్టే ఇద్దరి మందూ తిన్నది.

"ఈ మగవాళ్లకి చెప్పొద్దు," అంది జోతి. "వాళ్లమ్మని అన్నట్టయితాది."

"అట్లయితే తప్పంతా నాదేనని నమ్ముతారు అక్కా."

జోతి గిన్నెలు బోర్లించి లోపలికి వెళ్లిపోయింది. సంగవి కూడా ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని తనని తాను అడిగితే, ఒక్కో రోజు ఒక్కో కారణం తోచేది.

పొంగలి లోపే పాండియరాజన్ భార్యాబిడ్డలని విరుదునగర్ తీసుకెళ్లిపోయాడు. ఇంటి సగానికి తాళం పడింది. అన్నదమ్ములు ఈ రోజుకీ మాట్లాడుకోరు. ఉదయకుమార్ భార్యతో అవసరమైనవి మాట్లాడతాడు. తల్లి మాట మాత్రం ఎత్తడు.

సంగవి ఇప్పుడు మందుల షాపుకి వెళితే కవర్లో పోసిన మాత్రలు తీసుకోదు. అట్టతోనే ఇమ్మంటుంది. ఇందులో ఏముంది, జ్వరం మందు కలిసిందా, రోజుకి ఎన్నికి మించకూడదు అని అడుగుతుంది. షాపతను విసుక్కుంటాడు. వెనక నిలబడ్డవాళ్లు గొణుగుతారు. ఆమె అక్కడే నిలబడి ఉంటుంది.

మొన్న ఒక సాయంత్రం జోతి ఫోన్ చేసింది. వెళ్లిపోయాక అదే మొదటిసారి.

"కార్తికకి సలి పట్టి ముక్కు కారతా ఉండాది. ఆయన ఏదో టానిక్ తెచ్చినాడు. నిన్న డాక్టరు ఇచ్చిన కాచ్చలు మందు ఉండాది. రెండూ ఇయ్యొచ్చా అనేది తెలీలేదు."

"టానిక్ సీసా మీద ఏం రాసిండాదో చదవండి అక్కా. చిన్నక్షరాలు."

జోతి ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటిగా కూడబలుక్కుని చదివింది. నాలుగో అక్షరానికే సంగవికి అర్థమైంది. అయినా చివరిదాకా చదవనిచ్చింది.

"కాచ్చలు మందే దీంట్లోనూ ఉండాది. టానిక్ పక్కన పెట్టేసి, ఆ డాక్టరుకే చూపించి అడగండి అక్కా."

"సరి," అంది జోతి.

ఆ తర్వాత ఇంకేదైనా అంటుందేమోనని సంగవి ఫోన్ చెవికి పెట్టుకునే నిలబడింది. అవతల కార్తిక దగ్గు వినిపించింది. జోతి ఫోన్ పెట్టేసింది.