తిక్కకు ఉదాహరణ

నిఘంటువు రాసే పెద్దమనిషికి ఒక పట్టుదల ఉంది. ఉదాహరణ వాక్యాన్ని సొంతంగా అల్లకూడదు. ఎవరి నోటి నుంచో ఊడిపడాలి, చీటీ మీద అన్నవాళ్ల పేరు ఉండాలి. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. ‘వెర్రి’ బస్సులో దొరికింది. ‘చాదస్తం’ అత్తగారు అడక్కముందే దయచేశారు. ‘తిక్క’ మాత్రం ఎంతకీ చిక్కలేదు.

ఇక లాభం లేదని, పొద్దున్నే చొక్కా తిరగేసి తొడుక్కుని, వంటింట్లో గొడుగు విప్పుకుని కూర్చున్నాడు. భార్య చూసింది, పెదవి బిగబట్టి కాఫీ ఇచ్చింది. ఆయన చెంచాతో కాఫీ తాగాడు. ఎదుటి కుర్చీకి నమస్కారం పెట్టి, పిల్లలంతా కులాసానా అని అడిగాడు. ఆవిడ చెంబు నిండా నీళ్లు ముంచి, తీరిగ్గా వచ్చి గొడుగు మీద కుమ్మరించింది.

ఆయన ఎగిరిపడ్డాడు. “నీకేమైనా తిక్కా?”

“అమ్మయ్య, ఊడిపడింది!” అంటూ ఆవిడ కలం చేతికిచ్చింది. “రాసుకోండి. పేరు మాత్రం మీదే పెట్టండి.”