ఆంజినమ్మ కట్టిన కంతు

కండె నిండింది. ఆంజినమ్మ రాట్నం ఆపి, పట్టు దారాన్ని పంటితో తుంచి, కండెను కదురు నుంచి లాగి పక్కనున్న తట్టలో వేసింది. కదురుకు ఇంకో ఖాళీ పుల్ల తొడిగింది. కొసను ఎంగిలి వేలితో అంటించి మళ్ళీ తిప్పడం మొదలుపెట్టింది. ఎండ ఇంకా గడప దాటి లోపలికి రాలేదు.

రాట్నానిది పాత సైకిలు చక్రం. దాన్ని దుంగకు బిగించి ఇచ్చింది ఆమె భర్త నరసింహప్ప. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. చక్రం మాత్రం తిరిగినప్పుడల్లా ఒకేచోట కిర్రుమంటుంది. కుడిచెయ్యి చక్రాన్ని తిప్పుతుంటే ఎడమచేతి చూపుడువేలి మీదుగా దారం వచ్చి కండెకు చుట్టుకుంటుంది. ఆ వేలికి సన్నని గాడి పడింది. చీకట్లో కూడా దారం ఆ గాడిలోకే వెళ్ళి కూర్చుంటుంది. ఈ రోజు ఆ చెయ్యి భుజం దగ్గర నుంచి లాగుతోంది. ఆ పక్కకే తిరిగి పడుకున్నందువల్ల అనుకుంది.

గది మధ్యలో నేల కొంచెం కుంగి ఉంటుంది. ఒకప్పుడు అది మగ్గం గుంట. నరసింహప్ప అందులో కాళ్ళు పెట్టుకుని కూర్చుని చీరలు నేసేవాడు. ఆయన పోయాక మగ్గం అమ్మేస్తే, ఎండిన వంకలోంచి మట్టి మోసుకొచ్చి గుంటను ఆమే పూడ్చింది. కాళ్ళతో తొక్కి పేడతో అలికింది. అయినా ఏటా కొంచెం కుంగుతూనే ఉంది. మొదట్లో మళ్ళీ మట్టి పోసేది. తరవాత మానేసింది. ఇప్పుడు ఆ పల్లంలో రెండు పిల్లికూనలు ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోతున్నాయి. ఒకటి నల్లది. ఇంకోటి చారలది.

అవి వచ్చి నెల కాలేదు. సావుకారు రామలింగయ్య మగ్గాల షెడ్డు వెనక తల్లిపిల్లి లారీ కింద పడింది. పట్టు చెత్తలో కూనలు అరుస్తుంటే, గోనెసంచిలో వేసి రైలు పట్టాల అవతల పారేయమని ఎవరో అన్నారు. ఆంజినమ్మ కండెలు అప్పజెప్పి, ఖాళీ తట్టలో వాటిని పెట్టుకుని వచ్చింది. ఎందుకని ఎవరూ అడగలేదు. ఆ రోజు నుంచి టీ మానేసింది. టీలోకి కొనే పాలు మూకుట్లో పోసి, అందులో ఇంత సంగటి పిసికి పెడుతుంది. వానలు లేక పశువులకు మేత లేదు. పాలు కూడా నీళ్ళలాగే ఉంటున్నాయి. కూనలు మాత్రం వంక పెట్టకుండా నాకుతాయి.

తట్ట నిండాక నెత్తిన పెట్టుకుని షెడ్డుకు బయల్దేరింది. ధర్మవరం వీధుల్లో ప్రతి ఇంట్లోంచీ మగ్గాల చప్పుడు వస్తోంది. రెండుసార్లు ఆగి అరుగుల మీద కూర్చుంది.

రామలింగయ్య తమ్ముడు బదరీనారాయణ బీమా ఏజెంటు. సాయంత్రం దాకా మోటారు సైకిలు మీద తిరుగుతాడు. పొద్దున పూట మాత్రం అన్న గద్దె పక్కనే కూర్చుని ఉంటాడు. ఆంజినమ్మ కండెలు అప్పజెప్పి, కొంగుతో మొహం తుడుచుకుని, అతని ముందు నిలబడింది.

"ఏమవ్వా?"

"నాగప్ప పెండ్లానికి దుడ్లు తెచ్చిస్తివి గదా నాయనా."

నాగప్ప ఆంజినమ్మ వీధిలోనే మగ్గం నేసేవాడు. పోయిన నెల చనిపోయాడు. అతని భార్య ఆ బీమా డబ్బుతో రెండు మేకలు కొనుక్కుంది.

"నేనిచ్చేదేముండాది? ఆయప్ప బతికినన్నాళ్ళు కట్టినాడు. కంపెనీ ఇచ్చింది."

"అట్లాంటిది పిల్లులకు ఉండాదా? తక్కువలో అయ్యేది."

రామలింగయ్య లెక్క ఆపి తల ఎత్తాడు. "బదరీ, మంచి బేరం వచ్చింది. ఇడవద్దప్పా!" కండెలు తీసుకునేవాళ్ళు కూడా నవ్వారు.

"ఆవులకు, ఎనుములకు ఉండాదవ్వా," అన్నాడు బదరీనారాయణ. "చెవికి బిళ్ళ ఏస్తారు. పిల్లి చెవికి ఆ బిళ్ళ ఏస్తే అది తల ఎత్తలేదు. అయినా పిల్లి సస్తే నీకు ఎంత రావాలని?"

"అవి సస్తే నాకెందుకు దుడ్లు? నేను సస్తే వాటికి రావాల."

మిగతావాళ్ళ నవ్వు ఆగలేదు. బదరీనారాయణ మాత్రం నవ్వడం మానేశాడు.

"నీ వయసెంతవ్వా?"

"యాడ తెలుసు? గంజి కరువు నాటికి నాకు ఇద్దరు బిడ్డలు పుట్టి పోయినారు."

ఆ కరువు అతను పుట్టక ముందుది. మనసులో లెక్క వేసుకున్నాడు. "నీకు ఇయ్యరు. ఇచ్చినా నువ్వు కట్టలేవు. కంతు తప్పితే అంతకుముందు కట్టింది కూడా పోతాది. ఇంకో మాట. నీ తరవాత ఎవరికని పేరు రాసే చోట మనిషి పేరే ఉండల్ల. నీకెవురన్నా ఉండారా?"

"ఉంటే నిన్నెందుకు అడుగుతా?"

అతను ముందున్న కాగితాలు సర్దుకున్నాడు.

"మనిషే గావాలంటావు," అంది ఆంజినమ్మ.

"మనిషే గావాలవ్వా."

ఆమె తల ఊపి, ఖాళీ తట్ట తీసుకుని వచ్చేసింది. అవమానంగా ఏమీ అనిపించలేదు. కొళాయిలో నీళ్ళు ఏ రోజు వస్తాయో తెలుసుకున్నట్టు తెలుసుకుంది.

వయసు తేడా ఎంతున్నా ఆంజినమ్మను అక్కా అని పిలిచే రామసుబ్బమ్మ, ఎదురింట్లో బిడ్డను చంకనేసుకుని పొయ్యి ఊదుతోంది. ఆమె భర్త జయరాముడు మగ్గం గుంటలో కూర్చుని చీర నేస్తున్నాడు. ఆంజినమ్మ వాళ్ళ గడపలో కూర్చుంది. కాసేపు ఊపిరి అందలేదు.

"రామసుబ్బా, నాకొక మనిషి గావాల."

"మా ఆయనుండాడు, తీసుకపో అక్కా. ఒక్క రూపాయి అడగను."

"పోతా," అన్నాడు జయరాముడు మగ్గం ఆపకుండా. "వదిన ఇంట్లో అన్నా సంగటి వేళకు పెడతారు."

ఆంజినమ్మ సంగతి చెప్పింది. తను పోయాక పిల్లులను చూసుకునే మనిషి కావాలంది. రామసుబ్బమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచింది.

"ఈ బిడ్డకే పాలు చాలక గంజి తాపుతాండా. పిల్లులకు యాడ తెచ్చేది?"

"పాలు వద్దు. సంగటి కుండ కడిగిన నీళ్ళు పోస్తే చాలు. ఎలుకల్ని అవే పట్టుకుంటాయి. పోయిన కార్తీకంలో మీ పడుగు కొరికినాయి గదా."

"ఎలుకలు పడుగు కొరుకుతాయి. పిల్లులు చీర గీరుతాయి. ఏది మేలు?"

"గీరవు. పట్టు ముట్టకూడదని చెప్పినా."

"చెప్తే వింటాయా?"

"నా మాట వింటాయి. నీ మాట కూడా వింటాయి, కొన్ని దినాలు పోతే."

రామసుబ్బమ్మ తల అడ్డంగా ఊపింది. ఆంజినమ్మ కొంగు సర్దుకుంది. దారిలో అరుగుల మీద కూర్చున్నప్పుడు అనుకున్న మాట అప్పుడు చెప్పింది.

"దినమ్మూ పొద్దు గూకేలోగా మీకొక తట్ట కండెలు సుట్టిస్తా. కూలి వద్దు. నేను ఉండేదాకా సుట్టిస్తా. నేను పోయినాక వాటిని మీరు సూసుకోండి."

మగ్గం ఆగింది. బిడ్డ పుట్టినప్పటి నుంచి రామసుబ్బమ్మకు కండెలు చుట్టడానికి చెయ్యి ఖాళీ ఉండదు. జయరాముడు రోజూ మధ్యలో మగ్గం ఆపి తనే చుట్టుకుంటున్నాడు.

"వదిన నూరేండ్లు ఉండనీ," అన్నాడు అతను. "మనకే లాభం."

"పిల్లుల కోసం కూలి చేసేదాన్ని నిన్నే సూసినా అక్కా," అంది రామసుబ్బమ్మ. లోపలికి వెళ్ళి ఎర్ర పట్టు దారం చుట్టిన చిలప, ఖాళీ పుల్లలున్న తట్ట తెచ్చి ఇచ్చింది. "సరే పో. ఈ పొద్దు నుంచే."

ఆంజినమ్మ గడప దిగి వెనక్కి తిరిగింది. "ఒక్క దినం తప్పినా కట్టింది పోతాది."

"ఎవురు చెప్పినారు?"

"బదరీనారాయణ."

"పోయేదానికి ఇదేమన్నా చీటీ పాటనా? పోయి తిను, మొగం వాడిపోయింది."

ఆంజినమ్మ తినలేదు. మూకుట్లో పాలు పోసి, పొద్దుటి సంగటి పిసికి పల్లం పక్కన పెట్టింది. మూకుడు అంచు ఒకచోట విరిగి ఉంటుంది. నల్లది ఎప్పుడూ అటువైపు నుంచే నాకుతుంది. వాటిని చూస్తూ కూర్చుంది. సంతోషం లాంటిదేమీ కలగలేదు. ఒక పని అయింది, అంతే.

చిలపను వెదురు చట్రానికి తొడిగి కొస వెతికింది. ఎర్ర పట్టు కొత్తది, మెరుగు మీద ఉంది. వేలి గాడిలోంచి జారి కండె మీదికి పోతుంటే చారలది లేచి వచ్చి దారం కింద కూర్చుంది. కాలు ఎత్తింది. ఆంజినమ్మ ఖాళీ పుల్లతో ఆ కాలి మీద మెల్లగా తట్టింది. అది కాలు దించేసి, చక్రం తిరగడాన్ని మాత్రం చూస్తూ ఉండిపోయింది. వచ్చిన రోజు నుంచి ఇదే పాఠం. మొదట్లో ఎన్నిసార్లో తట్టాల్సి వచ్చేది. ఇప్పుడు ఒక్కసారి చాలు.

ఒక కండె అయింది. ఇంకోటి అయింది. మధ్యలో లేచి నీళ్ళు తాగింది. ఎడమచెయ్యి మొద్దుబారింది. వేలి మీద దారం ఉందో లేదో తెలియడం లేదు, కళ్ళతో చూసుకోవాల్సి వస్తోంది. ఎండ ఇంటి వెనక వైపుకు తిరిగింది. తట్టలో ఎర్ర కండెలు అడుగును కప్పాయి. పొద్దు గూకేలోగా నిండదేమోనని చక్రాన్ని కొంచెం జోరుగా తిప్పింది. ప్రతి చుట్టుకూ ఒకేచోట కిర్రుమంటోంది.

ఎదురింట్లో రామసుబ్బమ్మ బిడ్డకు గంజి తాపుతూ ఆ చప్పుడు వింటూ ఉంది. అది ఆగినప్పుడు దీపం పెట్టడానికి లేచి ఉంటుందనుకుంది. బిడ్డ నోరు తుడిచి, చంకనేసుకుని, కండెల కోసం వచ్చింది.

దీపం వెలగలేదు. ఆంజినమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. తల ఒక పక్కకు వాలింది. చూపుడువేలి గాడిలో ఎర్ర దారం అలాగే ఉంది. నల్లది ఆమె కాళ్ళ దగ్గర పడుకుంది.

"అక్కా," అంది రామసుబ్బమ్మ. బిడ్డ దారం కోసం చెయ్యి చాపింది. ఆమె ఆ చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. తరవాత భర్తను కేకేసింది.

మరుసటి రోజు మధ్యాహ్నానికి అంతా అయిపోయింది. రామలింగయ్య షెడ్డు నుంచి నలుగురు వచ్చి పాడె మోశారు. వీధిలో మగ్గాలు పొద్దున ఆగి మళ్ళీ మొదలయ్యాయి. సాయంత్రం తాళం వేయడానికి రామసుబ్బమ్మ, జయరాముడు లోపలికి వెళ్ళారు. జయరాముడు తట్టలోకి తొంగి చూశాడు.

"సగం కూడా నిండలేదే. ఒక్క దినం కంతన్నా పూర్తిగా కట్టలేదు మీ అక్క."

"ఊరుకో," అంది రామసుబ్బమ్మ.

ఆమె వంగి, అంచు విరిగిన మూకుడు తీసుకుని వీధిలోకి నడిచింది. కూనలు పల్లంలోంచి లేచి, మూకుడు వెనకాలే గడప దాటాయి.

"ఆ పట్టు తెచ్చుకోవా?" అన్నాడు జయరాముడు.

"రేపు సూస్తాలే. తాళమెయ్యి."

అతను తలుపు దగ్గరగా వేశాడు. సందులోంచి పడిన వెలుతురులో, కదురు మీద సగం చుట్టిన ఎర్ర కండె ఉంది. దాని దారం ఇంకా తెగకుండా చిలప దాకా సాగి ఉంది.