ఘోరీ పళ్లెంలో తొలి ఖీర్

బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ మూతపడి ఏళ్లయింది కానీ ఉస్మాన్ ఇంట్లో తీపి మాత్రం తగ్గలేదు. కొత్త కోడలు వస్తే మొదట వండాల్సింది ఖీరే. ఆ ఖీర్‌ను ఇంటి పెద్ద తినాల్సింది ఘోరీ పళ్లెంలోనే.

ఘోరీ పళ్లెం అంటే చీనా నుంచి వచ్చిన మందపాటి పింగాణీ పళ్లెం. లేత వేపాకు రంగులో, ఎప్పుడూ తడిగా ఉన్నట్టు మెరుస్తుంది. విషం పడితే అలాంటి పళ్లెం పగిలి చెబుతుందని పాతకాలం నవాబుల నమ్మకం. ఉస్మాన్‌కు ఇప్పటికీ అదే నమ్మకం. గోడ గూట్లో ఉండే ఆ పళ్లెం మీది దుమ్ము తుడిచేది కూడా ఆయనే. బోర్లించడం మాత్రం నిషేధం. బోర్లిస్తే ఇంటి బర్కత్, అంటే సిరి, ఒలికిపోతుందని వాళ్ల నాయనమ్మ చెప్పిందట.

ఆ రోజు ఖీర్ వండుతున్నది రబియా, నిజామాబాద్ నుంచి వచ్చిన కొత్త కోడలు. వంటింటి గడప దగ్గర నిలబడి చూస్తున్నది ఆమె ఆడపడుచు, ఉస్మాన్ మనవరాలు ఆఫ్రీన్. నలుగురిలో మాట్లాడాలంటే ఆఫ్రీన్‌కు గొంతు పెగలదు. బడిలో హాజరు పలికితే పక్క బెంచీకి కూడా వినబడేది కాదు. రబియా వచ్చాక ఆ ఇంట్లో గుసగుసలాడుకోవడానికి ఆమెకొక మనిషి దొరికింది.

"జల్ది తే రబియా, అబ్బాజాన్ ఎప్పటిసంది కూసున్నడు. సల్లారబెట్టకు, గట్లనే వడ్డించు," అని తొందరపెట్టింది ఫుప్పు, అంటే ఆఫ్రీన్ మేనత్త.

రబియా కుతకుతలాడుతున్న ఖీర్‌ను పళ్లెంలో పోసింది. ఉస్మాన్ బిస్మిల్లా అంటూ చెయ్యి చాచాడు. చాచిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. పళ్లెం అంచు మీద సన్నని గీత ఒకటి మెల్లగా తేలి, ఖీర్ కిందికి పాకింది.

"పగిలింది!" అంది ఫుప్పు. "ఇన్నేండ్లల్ల ఒక్క గీత పడలే. ఇయ్యాల్నే పడ్డది. ఏం కలిపినవ్ తల్లీ?"

"పాలు, బియ్యం, చక్కెర... గంతే ఫుప్పూ," అంది రబియా.

ఖీర్ రుచి చూడకుండా కదలనని పాల క్యాన్‌తో గుమ్మంలో కూర్చున్న పాలావిడ హన్మవ్వ దిగ్గున లేచింది.

"ఏందమ్మా? పాలల్ల విషమా? నన్నంటే పడుత గాని నా బర్రెనంటే ఊకోను!"

"నీ బర్రెనెవరన్నరే?" అంది ఫుప్పు.

"బియ్యం, చక్కెర దుకాణంకెల్లి తెచ్చిండ్రు. మిగిలింది నా బర్రెనే గద!"

నవ్వు వచ్చినవాళ్లు ఉస్మాన్ ముఖం చూసి దాన్ని మింగేశారు. ఆయన అరవలేదు. అరిచినా బాగుండేది.

"ఖీర్ పారబొయ్యండి. కోడలు ఇగ వంటింట్లకు పోవద్దు."

రబియా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వంటింట్లోకి రాని కోడలు ఆ ఇంట్లో ఎన్నాళ్లున్నా చుట్టమే.

ఆఫ్రీన్ కళ్లు మాత్రం గీత మీదే ఉన్నాయి. నిజామాబాద్‌లో తన మామయ్య ఫుర్ఖాన్‌కు పాత సామాన్ల దుకాణం ఉంది. సెలవుల్లో ఆమె అక్కడ పింగాణీ తుడిచేది. పళ్లెం ముఖం చూసి వయసు చెప్పొద్దు, వీపు చూడాలి అనేవాడు మామయ్య. కొత్త పగులు తెల్లగా ఉంటుందని, పాత పగులులో చాయ్ మరకలాంటి రంగు దిగుతుందని కూడా చెప్పాడు. ఈ గీత తెల్లగా లేదు. ఆ ముక్క చెబుదామంటే నోరు రాలేదు. వీపు చూద్దామంటే పళ్లెం నిండా ఖీర్. పారబోస్తే అందులో ఏమీ లేదని ఎవరూ నమ్మరు.

ఆఫ్రీన్ వచ్చి దాదా ఎదురుగా కూర్చుంది. పళ్లేన్ని తన వైపు లాక్కుని తినడం మొదలుపెట్టింది.

"అరే పోరీ! థూ, ఉమ్మెయ్యి!" అని కేక వేసింది ఫుప్పు.

ఆఫ్రీన్ ఉమ్మలేదు. నాలుక కాలుతున్నా ఊదుకుంటూ తింది. హన్మవ్వ ఒక చెంచా సంపాదించుకుని పక్కన కూలబడింది.

"జరుగు బిడ్డా, ఇది నా బర్రె ఇజ్జత్ సవాల్."

పళ్లెం అడుగుకు వచ్చేసరికి ఆఫ్రీన్ పంటికి ఏదో అంటుకుంది. తీస్తే పళ్లెం రంగులోనే పచ్చటి జిగురు ముక్క. హన్మవ్వ దాన్ని వేళ్లతో నలిపి చూసింది. "గిది లక్క గదే! గాజులు జేసే లక్క!"

ఆఫ్రీన్ పళ్లేన్ని రెండు చేతులతో ఎత్తింది.

"బోర్లించకు!" అన్నాడు ఉస్మాన్.

ఆమె రబియా వైపు ఒకసారి చూసింది. బోర్లించేసింది.

పళ్లెం వీపున, పగులు పొడవునా మూడు ఇత్తడి కుట్లు. గోనెసంచి నోరు కుట్టినట్టు, మాసిపోయి ఉన్నాయి.

"దాదా," అంది ఆఫ్రీన్. ఆ మాట ఇల్లంతా వినబడి ముందు ఆమే ఉలిక్కిపడింది. "ఇది ఇయ్యాల పగిల్లేదు. ఎప్పుడో పగిలితే కింద కుట్లేసి, మీద లక్క నింపిండ్రు. ఇన్నేండ్లు సల్లారినంక పోసిండ్రు, ఇయ్యాల ఉడుకు ఖీర్ పడంగనే లక్క కరిగింది. పగుల్ల మరక సూడు, ఎంత పాతదో. భాభీ ఏం జెయ్యలే."

ఉస్మాన్ అద్దాలు పెట్టుకుని కుట్లను వేలితో తడిమాడు. "అంటే... ఇది ఘోరీ కాదా?" అన్నాడు, చేతిలో మిఠాయి జారిపోయిన పిల్లాడిలా.

ఆఫ్రీన్ మామయ్యకు వీడియో కాల్ చేసింది.

"కింద చుట్టు చూపెట్టు. ఆఁ, అక్కడ మెరుపు పూత లేదు, మట్టి కాలిన ఇటుక రంగుకొచ్చింది," అన్నాడు ఫుర్ఖాన్ ఫోన్లోంచి. "చచా, చీనాదే. నాలుగు వందల ఏండ్లకు తక్కువుండదు అనుకుంట. చేతిల పట్టి చూస్తె పక్కా చెప్త. కుట్లు మాత్రం మనోళ్లు తర్వాత ఏసినయి."

"మరి విషం సంగతి?"

"అది పళ్లేనికేం తెలుస్తది చచా? తిన్నోళ్లు ఎట్లున్నరు?"

అందరూ అటు తిరిగారు. హన్మవ్వ చెంచా నాకుతోంది.

"చక్కెర జరంత తక్కువైంది. గంతకుమించి ఏం గాలే."

ఉస్మాన్ భుజాలు కదిలేలా నవ్వాడు. "రబియా బేటీ, నా వాటా ఈ ఇద్దరు మింగిండ్రు. మల్ల పెట్టు ఖీర్. చక్కెర ఎయ్యనీకి ఎన్కముందు జూడకు."

ఫుప్పు ఎవరి వైపూ చూడకుండా గిన్నె అందుకుంది. "బియ్యం నేను కడుగుత తియ్," అంది. హన్మవ్వ క్యాన్ ఊపుకుంటూ బయల్దేరింది. పొద్దున్నే పిండిన బర్రె మళ్లీ పాలిస్తుందో లేదో, బతిమాలి చూస్తానంది.

ఉస్మాన్ పళ్లేన్ని తానే కడిగి గూట్లో పెట్టాడు. ఈసారి వీపు ముందుకు తిప్పి, వచ్చినవాళ్లకు కుట్లు కనబడేలా పెట్టాడు. తర్వాత ఒక స్టీలు గిన్నె ముందు పెట్టుకుని, వంటింటి వైపు చూస్తూ కూర్చున్నాడు.