పోపు జిడ్డు

మా అభిజిత్ నా సూట్‌కేసు సర్దుతున్నాడు. మంచం మీద చీరలు పరిచి ఒక్కొక్కటే మడుస్తున్నాడు. అంచులు కలవకపోతే మళ్లీ విప్పుతున్నాడు. ఈ లీసెస్టర్ ఇంట్లో నా కొడుకు ఒక బట్ట మడవడం ఇదే మొదటిసారి చూస్తున్నాను. వాడి ఆఫీసు చొక్కాల దగ్గర్నుంచి నా లోపలి లంగాల దాకా ఆ పనంతా కోడలు అక్షరది.

"స్వెటర్ మీద కోటు వేస్కో అమ్మా. మందులు చేతిసంచిల పెట్టిన. పదకొండుకు ఫోనొస్తది. అది అయిపోంగనే ఎయిర్‌పోర్టుకు పోతం," అన్నాడు.

ఆ ఫోను విచారణ ఆఫీసు నుంచి. ఈ దేశంలో మనిషి ఉన్నట్టుండి చనిపోతే ఎందుకు చనిపోయిందో తేల్చే ఆఫీసు ఒకటి ఉంది. ఇంట్లో ఉండేదాన్ని కాబట్టి నన్ను కూడా అడుగుతారట. నాకు ఇంగ్లిషు రాదని తెలుగు మనిషిని లైనులో పెడతారట. నేను చెప్పాల్సిన మాట వాడు నాకు వారం నుంచి నేర్పుతున్నాడు. 'అక్షరకు ముందునుంచే దమ్ము ఉండె.' అంటే ఉబ్బసం. అంతే. ఇంకేం అడిగినా తెలియదనాలి. ఆ తర్వాత హైదరాబాద్ విమానం ఎక్కితే నన్ను ఇంకెవరూ అడగరు.

కింద హాల్లో కిషన్‌రావు కూర్చున్నాడు. మమ్మల్ని దింపడానికి వ్యాను తెచ్చాడు. టీ నేనే పెట్టిచ్చాను. కోడలు పోయిన ఇంట్లో కూడా, వచ్చిన మగవాడికి టీ ఎవరు పెట్టాలో ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేదు.

సర్దిన పెట్టె వైపు నేను చూడను. మా ఆయన గోపాల్‌రావు మస్కట్ పోయినప్పుడు పెట్టె నేనే సర్దాను. ఆయన రాలేదు, పెట్టె వచ్చింది. అప్పటినుంచి ఇంట్లోంచి ఎవరు బయటికి పోయినా మూల తిరిగేదాకా కిటికీ దగ్గర నిలబడతాను. అక్షర వెనక్కి తిరిగి చెయ్యి ఊపేది. "ఏంది అత్తమ్మా, నేనేమన్న మిలిట్రీకి పోతున్ననా? పొయ్యి తుడిచొస్త, గంతే గద," అని నవ్వేది.

హైదరాబాద్‌లో ఫార్మసీ చదివిన పిల్ల. ఇక్కడ ఆ పని చెయ్యాలంటే మళ్లీ ఏవో పరీక్షలు రాయాలి. "చూద్దాం తియ్, ముందు సెటిల్ కానీ," అనేవాడు మావాడు. తర్వాత మాట మారింది. "ఇంట్ల ఖాళీగనే ఉంటున్నవ్ గద." ఖాళీగా! పొద్దున వాడి డబ్బా, నా జొన్నరొట్టె, గిన్నెలు, బట్టలు, సాయంత్రం వాడు మిత్రుల్ని తెస్తే మళ్లీ పొయ్యి. ఇవన్నీ చేసిన చేతులు వాడికి ఖాళీగా కనబడ్డాయి.

కిషన్‌రావుది క్లీనింగ్ వ్యాపారం. అద్దె ఇళ్లు ఖాళీ చేసి పోయే మనవాళ్లే గిరాకీ. మన వంట ఇళ్లల్లో పొయ్యి పైన, గోడల మీద, ఓవెన్ లోపల పోపు జిడ్డు పసుపు రంగులో గడ్డకట్టి ఉంటుంది. అది పోకపోతే ఇంటి ఓనరు ఊరుకోడు. "ఇంగ్లిషోళ్లకు మన పోపు సంగతేం తెలుస్తది పెద్దమ్మా? మన ఆడోళ్లకే తెలుసు దాన్ని ఎట్ల గీకాల్నో," అని నా ముందే గొప్పలు పోయేవాడు. అందులో మావాడికీ వాటా ఉంది. ఆఫీసులో తెలిస్తే వీసాకు ఇబ్బంది. అందుకని పేరు కిషన్‌రావుది, ఫోన్లు మావాడివి, చేతులు అక్షరవి.

ఫ్యాక్టరీల్లో ఇనుప సామాను జిడ్డు వదిలించే మందు అతను పెద్ద నీలం డబ్బాల్లో తెచ్చి మా షెడ్డులో పెట్టేవాడు. అక్షర దాన్ని పాత స్ప్రే సీసాల్లో పోసుకుని తీసుకుపోయేది. నేను బడికి పోలేదు. మా ఆయన మస్కట్ నుంచి రాసే ఉత్తరాలు ఊళ్లో ఇంకొకరి చేత చదివించుకోవడం సిగ్గై తెలుగు కూడబలుక్కున్నాను. ఇక్కడికొచ్చాక బస్సుల మీద పేర్లు చూసి ఇంగ్లిషు అక్షరాలు పట్టాను. ఆ డబ్బా మీది మాటలు మాత్రం నాకు కొరుకుడు పడలేదు. కానీ ఎర్ర గీతల మధ్య ఒక మనిషి బొమ్మ ఉంది. వాడి రొమ్ములో ఏదో పగిలినట్టు తెల్లటి నక్షత్రం. అది చదవడానికి అక్షరాలు ఎందుకు?

"ఏమని రాసుంది బిడ్డా?"

"గాలి ఆడే తావుల్నే వాడాల్నట. మత్తు వస్తదట, తల తిరుగుతదట."

"మరి తెల్సి గూడ ఎట్ల వాడుతున్నవే?"

"తెల్సుడొక్కటి ఉంటే సరిపోతదా అత్తమ్మా," అంది మూత బిగిస్తూ.

ఒకరోజు పోరుపెట్టి నేనూ వెంట పోయాను. చిన్న వంటగది. కిషన్‌రావు చెప్పినట్టే ముందు ఓవెన్ వెలిగించింది. కాసేపటికి ఆర్పి, తలుపు తెరిచి, ఆ వేడి మీద మందు కొట్టింది. పొగ కాదు, కానీ పొగలాంటిదేదో లేచి కళ్లల్లో పడింది. తియ్యగా, ఘాటుగా, గొంతు పట్టేసే వాసన. పెట్టుకున్నది కరోనా నాటి కాగితం మాస్కు. ఆ పిల్ల ఓవెన్‌లో తలపెట్టి గీకుతుంటే నేను లేచి కిటికీ తెరిచాను. అప్పుడే చూడ్డానికి వచ్చిన కిషన్‌రావు చప్పున మూసేశాడు.

"వేడి పోతే జిడ్డు గట్టి పడతది పెద్దమ్మా. మాడిన మూకుడును మీరు వేడి చేసి తోమలేదా? ఇదీ గట్లనే. పైగా పక్కింటోళ్లు వాసనని కంప్లైంట్ ఇస్తరు. మీరు హాల్ల కూసోండి."

"మూకుడు తోమేటప్పుడు మేము పెరట్ల కూసుంటుంటిమి నాయినా," అన్నాను. అతను నవ్వాడు. ముసలివాళ్ల మాటకు నవ్వే నవ్వు.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చాక అక్షర మెట్ల మీదే కూలబడింది. నేను నీళ్లు తెస్తే నా వైపు కళ్లు చికిలించి, "ఇద్దరు అత్తమ్మలు కనబడుతుండ్రు. ఒక్కరికే భయపడి సస్తున్న," అంది. ఇద్దరం నవ్వాం. తర్వాత బాత్రూంలో వాంతి చేసుకుంది. మావాడు తలుపు బయటనుంచి, "ఆ వాసనతోని బెడ్‌రూంలకు రాకు, తలస్నానం చేసి రా," అన్నాడు. "నొప్పులు నీకొక్కదానికేనా? దినమంత స్క్రీన్ చూసేటోళ్లకు తలకాయ నొయ్యదా?" అని కూడా అన్నాడు.

నేనేం చెయ్యలేదు? బూట్లు దాచాను. షెడ్డు తాళంచెవి నా కొంగున ముడి వేసుకున్నాను. వాడు వచ్చి, "పిచ్చి లేసిందా అమ్మా?" అని ముడి విప్పి తీసుకున్నాడు. అన్నం మానేశాను. అప్పుడు అక్షరే వచ్చి బతిమాలింది. "మీరు తినకుంటే ఆయన నన్నే అంటడు అత్తమ్మా." నా పంతం కూడా చివరికి ఆ పిల్ల నెత్తి మీదే పడింది. లేచి తిన్నాను.

దగ్గు ముదిరితే మావాడు సర్జరీకి తీసుకుపోయాడు. ఇక్కడ డాక్టరు దవాఖానను అట్లాగే అంటారు. డాక్టరమ్మ, ఏం పని చేస్తావమ్మా అని అడిగిందట. ఇది నోరు తెరిచేలోగా పక్కనున్న మావాడు, "హౌస్‌వైఫ్" అన్నాడట. డాక్టరమ్మ పీల్చే మందు రాసిచ్చింది. ఇంటికొచ్చి ఆ సంగతి చెబుతూ అక్షర ఎంత నవ్వింది! "చూసిన్రా, నాకు పనే లేదట." ఆ నవ్వుకు దగ్గు తెర వచ్చి గోడ పట్టుకుంది. ఇప్పుడు ఆ పీల్చే మందే వీళ్లకు సాక్ష్యం. దమ్ము లేనిదాని దగ్గర అదెందుకు ఉంటుంది?

చివరి రోజు వద్దన్నాను. కాళ్లు పట్టుకుంటానన్నాను. "ఇదొక్కటి అత్తమ్మా. సోమవారం నుంచి బంద్. నేనే ఆయనతోని చెప్పిన," అంది. చెప్పిందో లేదో నాకు తెలియదు. మధ్యాహ్నం తాళాలు తీసుకుందామని ఆ ఇంటికి పోయిన అద్దె ఇళ్ల ఏజెంటు పిల్ల వంటగదిలో పడి ఉన్న అక్షరను చూసిందట. కిటికీ మూసి ఉందట. ఓవెన్ తలుపు తెరిచి ఉందట. గోడలు మాత్రం తళతళలాడుతున్నాయట.

ఫోను మోగింది. మావాడు నన్ను కిందికి నడిపించుకొచ్చి సోఫాలో కూర్చోబెట్టి, స్పీకర్ పెట్టాడు. కిషన్‌రావు టీ కప్పు పక్కన పెట్టాడు. ముందు ఇంగ్లిషులో ఎవరో మాట్లాడారు. ఆ తర్వాత కోస్తా యాసలో ఒక ఆడమనిషి గొంతు.

"నమస్కారమండీ పుష్పలీల గారూ. వినబడుతోందా అమ్మా? కంగారేం లేదు. మీ కోడలి గురించి మీకు తెలిసింది మీ మాటల్లో చెప్పండి."

మావాడు నా మోకాలి మీద చెయ్యి వేశాడు. "దమ్ము," అన్నాడు పెదవులతో, చప్పుడు చెయ్యకుండా. నా కడుపున పుట్టినవాడి మొహం. వాళ్ల నాన్న మొహం. ఉన్న మాట చెబితే వాడి ఉద్యోగం పోతుంది, ఇల్లు పోతుంది, నన్ను మళ్లీ అమ్మా అని పిలవడు. నా కొంప నేనే ముంచుకుంటున్నానని తెలుసు. వాడి చెయ్యి తీసి వాడి ఒళ్లోనే పెట్టాను.

"వినబడుతుంది బిడ్డా," అన్నాను. "రాసుకోండ్రి. నా కోడలికి దమ్ము లేకుండె. డాక్టరుకు పని సంగతి చెప్పనియ్యలె. ఓవెన్ వేడి చేసి, కిటికీ మూసి మందు కొట్టుమన్నది కిషన్‌రావు. ఆయన మూసింది నేను నా కండ్లతోని చూసిన. పంపింది నా కొడుకు. ఇద్దరు నా ఎదుటనే కూసున్నరు."

"అమ్మా!" అంటూ మావాడు ఫోను మీదికి చెయ్యి చాపాడు. నేను దాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని నోటికి దగ్గరగా పెట్టుకున్నాను.

"నా కోడలు అక్షర పనికి పోయి వాపస్ రాలే. రెండు వేల ఇరవై మూడు, నవంబర్ పదిహేడు, శుక్రవారం."